నాలుగు నెలలకీ ఒకే రీడింగు

నేను రిటైరైన ఉద్యోగానికి తెలుగులో పేరు లేదు. ఇల్లినాయ్‌లో షామ్‌బర్గ్‌కి అరగంట దూరంలో ఒక గోల్ఫ్ క్లబ్బు ఉంది. సభ్యులు చలికాలం అక్కడ వదిలి వెళ్లే గోల్ఫ్ కార్ట్‌లను చూసుకోవడం నా పని. ఇద్దరు కూర్చునే చిన్న బ్యాటరీ బండి అది. అక్టోబరు చివర్లో యజమానులు వెచ్చటి ఊళ్లకు వెళ్లిపోతారు. మార్చి ఆఖరుకో ఏప్రిల్‌కో తిరిగొస్తారు. ఈ అయిదు నెలలూ బండి బతికుండాలి. ఆ పని పదకొండేళ్లు చేశాను.

ప్లేనోలోనో బాతెల్‌లోనో ఉద్యోగాలు చేసుకుంటూ, మేనేజరు ఒక మాట అంటే రెండు రోజులు అన్నం సయించని పిల్లలు అప్పుడప్పుడు నన్ను అడుగుతుంటారు, అంత పెద్ద కుటుంబం నుంచి వచ్చి ఆ జాబ్ ఎలా చేశారంకుల్ అని. బాగా చేశానని చెప్పాలనే ఉంటుంది. చాలా ఏళ్లు బాగానే చేశాను. ఒక చలికాలం మాత్రం చేయలేదు. మీకు చెప్పదగ్గది అదొక్కటే కాబట్టి అదే చెబుతాను.

మా ఇంటిని మావైపు దివాణం అనేవారు. నేను పెద్దయ్యేసరికి ఆ పేరు ఒక్కటే మిగిలింది. నాకు ముప్పై ఏళ్లొచ్చేసరికి దాన్నీ జనం మరిచిపోయారు. ఎలా పోయిందన్నది ఇక్కడ అనవసరం. మా అక్క స్పాన్సర్ చేస్తే యాభై రెండో ఏట ఈ దేశంలో దిగాను. చరిత్రలో బి.ఏ. ఉంది గానీ ఏ పనీ చేసిన అనుభవం లేదు. మా ఇంట్లో మగవాళ్లు పని చేయించేవారు, చేసేవారు కాదు. దస్తూరీ మాత్రం ముత్యాల్లా ఉండేది. దాన్ని చూసే క్లబ్బు మేనేజరమ్మ నన్ను తీసుకుంది. షెడ్డులో నూట ఇరవై బండ్లుంటే ఒక్కదాని కాగితమూ సరిగ్గా ఉండేది కాదట.

పని నేర్పింది పోలండ్ నుంచి వచ్చిన మెకానిక్. నాకంటే ఆరేళ్లు పెద్ద. మీసాలకు గ్రీజు అంటుకుని ఉండేది. నా నడకా నిలబడే తీరూ చూసి మొదటివారంలోనే నాకు 'కింగ్' అని పేరు పెట్టాడు. అతని ఇంగ్లీషూ నా ఇంగ్లీషూ వేరు వేరు దారుల్లో నేర్చుకున్నవి కాబట్టి సగం మాటలు చేతులతో నడిచేవి. అతను చెప్పినదాంట్లో మీరు గుర్తుపెట్టుకోవలసింది ఒక్కటే. ఛార్జ్ నిండుగా ఉన్న బ్యాటరీ ఇల్లినాయ్ చలికి కూడా గడ్డకట్టదు. ఖాళీ అవుతున్నకొద్దీ లోపలి ఆసిడ్ పలచబడి మామూలు నీళ్లలా అయిపోతుంది. నీళ్లు గడ్డకడితే ఉబ్బుతాయి, డొక్క పగులుతుంది. అందుకని నెలకోసారి ప్రతి బండి దగ్గరా మోకాళ్ల మీద కూర్చుని, సీటు ఎత్తి, ఆరు బ్యాటరీల్లోనూ నీటిమట్టం చూసి, ఛార్జ్ పెట్టి, మర్నాడు మీటరు రీడింగు తీసి స్టీరింగుకు వేలాడే కార్డు మీద రాయాలి. రాయడం నా వంతు. నెలాఖరున నేను ఆ అంకెలన్నీ ఒక పెద్ద షీటు మీదికి ఎక్కిస్తే కింద సంతకం పెట్టడం మెకానిక్ వంతు.

మొదటి మూడేళ్లు అలాగే చేశాను. వెయ్యిసార్లు మోకాళ్లు వంచి ఉంటాను. తెల్లవాళ్ల బండి ముందు మోకాళ్లు వంచడానికి నాకు ఇబ్బంది ఉండేది కాదు. వాళ్లకు నేనెవరో తెలియదు కదా.

నాలుగో ఏడు అక్టోబరులో ఒక కొత్త సభ్యుడు బండి తెచ్చారు. రిటైరైన డాక్టరు, మనవాడే, డెబ్బై దాటాయి. క్లబ్బు రోడ్డు పక్కనే ఇల్లు కొనుక్కున్నారు. నా చొక్కా మీది బ్యాడ్జిలో ఇంటిపేరు చదివి ఆగిపోయారు. ఏ ఊరని అడిగారు, చెప్పాను. ఆయన బండి దిగి, టోపీ తీసి, రెండు చేతులూ జోడించారు.

"బాబుగారూ, నేను మీ గుమాస్తా కొడుకునండి. మా నాన్న మీ వాకిట్లో చెప్పులు విడిచి నిలబడేవాడు. మీరు అప్పటికి చంటిపిల్లాడు."

పార్కింగ్ లాట్‌లో, పక్కన మెకానిక్ చూస్తుండగా, ఆ మాట ఎంత తియ్యగా ఉందో అంత మంటగానూ ఉంది. చేతులు జోడించినవాడు క్లబ్బు పక్కన ఇంటికి యజమాని. దండం పుచ్చుకున్నవాడి చేతిలో తుడుపు గుడ్డ.

ఆయన భార్యకు ఏడాది క్రితం పక్షవాతం వచ్చింది. కుడికాలు సరిగ్గా పడదు. ఎడమచేత్తో స్టీరింగు పట్టుకుని, పక్కన ఆయన కూర్చుంటే, సాయంత్రాలు ఆ బండిలో చెరువు చుట్టూ తిరిగి రావడమే ఆవిడకు బయటి ప్రపంచం. చలికాలం ఇద్దరూ హైదరాబాదులో కూతురి దగ్గర గడుపుతారట. అంతా చెప్పి, బండి గురించి ఏదో చెప్పబోయి ఆగారు. "సీటు కింద ఒక చిన్న... సరే లెండి. తమరికి తెలియనిదేముంది. తమకి పని చెప్పేటంతటి వాణ్నా నేను" అని తాళం చెవి రెండు చేతులతో అందించారు. నేను ఒక చేత్తో అందుకున్నాను. ఏమిటా చిన్నదని అడగలేదు. గుమాస్తా కొడుకు దగ్గర నాకు తెలియదని ఒప్పుకోవడం నా వల్ల కాలేదు.

నవంబరులో ఆ బండికి పద్ధతిగానే ఛార్జ్ పెట్టాను. రీడింగు యాభై పాయింట్ ఎనిమిది వోల్టులు, నిండు ఛార్జ్. కార్డు మీద రాసి, తరువాత బండిని తోసుకెళ్లి షెడ్డు కొసన, ఉత్తరపు తలుపు దగ్గర పెట్టాను. అక్కడ ప్లగ్గు లేదు. చలి అందరికంటే ముందు అక్కడికే వస్తుంది. ఇవన్నీ నాకు తెలుసు. రోజూ ఆ బండి కంట పడకుండా ఉంటే చాలనిపించింది. డిసెంబరులో ఛార్జ్ పెట్టాలంటే దాన్ని వెనక్కి తోసుకురావాలి, దాని ముందు మోకాళ్లు వంచాలి. రేపు చూద్దామనుకున్నాను. ఆ రేపు రాలేదు. కార్డు మీద మాత్రం డిసెంబరుకూ యాభై పాయింట్ ఎనిమిది అని రాశాను. జనవరికీ అదే. ఫిబ్రవరికీ అదే. అంకెలు ముత్యాల్లా కుదిరాయి. షీటు కింద మెకానిక్ నా దస్తూరీ మీద నమ్మకంతో చదవకుండానే సంతకాలు పెట్టాడు.

మార్చి మూడోవారంలో మంచు కరిగింది. ఒక బుధవారం పొద్దున మెకానిక్ నన్ను షెడ్డు కొసకు పిలిచాడు. డాక్టరు గారి బండి కింద సిమెంటు నేల తెల్లగా పొక్కింది. సీటు ఎత్తితే ఆరింటిలో నాలుగు బ్యాటరీలు నిలువునా పగిలి ఉన్నాయి. ఆసిడ్ కారి ఇనుప తట్టను తినేసింది. ఒక మూల అగ్గిపెట్టెంత నల్లటి పెట్టె, దాని నుంచి రెండు వైర్లు నేరుగా బ్యాటరీలకు కట్టి ఉన్నాయి. డాక్టరు గారి భార్య ఎక్కడైనా ఇబ్బంది పడితే నొక్కే మీట తాలూకు పరికరం అది. బండి స్విచ్చి కట్టేసినా అది కరెంటు తాగుతూనే ఉంటుంది. మెయిన్ నెగెటివ్ కేబుల్ విప్పితే తప్ప ఆగదు.

"ఇది రోజుకు చుక్క తాగుతుంది. నెలకోసారి ఛార్జ్ పెట్టి ఉంటే ఏమీ అయ్యేది కాదు" అన్నాడు మెకానిక్. తరువాత స్టీరింగుకు వేలాడే కార్డు తీసి చదివాడు. చాలాసేపు చదివాడు. తిరిగి నా చేతిలో పెట్టాడు.

"నీ రాజ్యంలో బ్యాటరీలకు చలి వేయదా, కింగ్?"

నేను కార్డు జేబులో పెట్టుకున్నాను.

మధ్యాహ్నం మేనేజరమ్మ వచ్చి చూసింది. మా ఇద్దరికంటే ఇరవై ఏళ్లు చిన్నది. చెడ్డమనిషి కాదు, పైవాళ్లకు జవాబు చెప్పుకోవలసిన మనిషి. బ్యాటరీలన్నీ మెకానిక్ బాధ్యత, షీటు మీద సంతకం అతనిది. అంతకుముందు ఏడు ఒక ఛార్జరు కాలిపోతే అతనికి ఒక వార్నింగు ఇచ్చి ఉంది. ఇది రెండోది. సోమవారం డాక్టరు గారు వస్తున్నారని, ఆయన ముందే విషయం తేల్చేస్తానని చెప్పి వెళ్లిపోయింది. తేల్చడమంటే ఏమిటో ఇద్దరికీ తెలుసు. మెకానిక్‌కి అప్పుడు అరవై మూడు దాటాయి. ప్రభుత్వ వైద్య బీమా రావాలంటే అరవై అయిదు నిండాలి. అప్పటిదాకా అతనికీ, క్యాన్సరు వైద్యంలో ఉన్న అతని ఈడు భార్యకీ ఈ ఉద్యోగంతో వచ్చే బీమాయే దిక్కు.

అతను నా పేరు చెప్పలేదు. ఎందుకు చెప్పలేదని సాయంత్రం అడిగాను. "సంతకం నాది. చదవకుండా పెట్టాను. నా తప్పు నేను చెప్పుకుంటాను. నీది నువ్వు చెప్పుకో, లేకపోతే మానెయ్" అని చేతులు కడుక్కుని వెళ్లిపోయాడు.

ఇంటికొచ్చి మా ఆవిడకు చెప్పాను. ఆమె షామ్‌బర్గ్‌లో ఇండియన్ స్టోర్‌లో కూరగాయలు తూచే పని చేసేది. చివరిదాకా విని అడిగింది.

"మేనేజరమ్మకి చెప్పడానికి భయమా?"

"కాదు."

"మరి ఆ డాక్టరు గారి ముందా?"

నేను తల ఊపాను.

"దివాణం గోడలు పడిపోయి నలభై ఏళ్లయింది. మీరింకా వాటికి ఆనుకుని నిలబడ్డాననుకుంటున్నారు. అక్కడ ఒక మనిషికి వైద్యం ఆగిపోతుందండీ" అని లోపలికి వెళ్లిపోయింది. ఆ నాలుగు రోజులూ అన్నం పెట్టింది గానీ మాట్లాడలేదు.

ఆ నాలుగు రోజుల్లో నేను వేసుకున్న ఎత్తులన్నీ చెబితే మీకు నా మీద మిగిలిన గౌరవం కూడా పోతుంది. ఒకటి చెబుతాను. మేనేజరమ్మకు ఆదివారమే ఫోన్ చేసి చెప్పేస్తే డాక్టరు గారు ఉండరు కదా అనుకున్నాను. నంబరు కూడా నొక్కాను. అది మోగకముందే పెట్టేశాను. ఆమెకు చెప్పినా సోమవారం ఆయనకు ఎలాగూ తెలుస్తుంది, నేను వెనకనుంచి చెప్పుకున్నానని కూడా తెలుస్తుంది.

సోమవారం పది గంటలకు డాక్టరు గారు వచ్చారు. భార్యను కారులోనే కూర్చోబెట్టి ఆయన ఒక్కరే షెడ్డులోకి వచ్చారు. కారు అద్దం దించి ఆవిడ ఇటే చూస్తోంది. మేనేజరమ్మ క్షమాపణ చెప్పి, క్లబ్బు ఖర్చుతో కొత్త బ్యాటరీలు వేస్తామని, బాధ్యుడి మీద చర్య తీసుకుంటామని చెప్పింది. మెకానిక్ టోపీ చేత్తో పట్టుకుని నిలబడ్డాడు. "సంతకం నాదే. చూడలేదు" అన్నాడు.

అప్పుడు నేను ముందుకొచ్చి ఇంగ్లీషులో, అందరికీ వినపడేలా, ఆ బండికి నవంబరు తరువాత ఛార్జ్ పెట్టలేదని, పెట్టవలసినవాణ్ని నేనేనని చెప్పాను.

డాక్టరు గారి కళ్లు చెమర్చాయి. ఆయన మేనేజరమ్మ వైపు తిరిగి, మీ దగ్గర పనిచేస్తున్న ఈ మనిషి ఎవరో మీకు తెలియదని మొదలుపెట్టారు. మా తాతగారి పేరు చెప్పారు. ఆ ఇంటివాళ్లు నౌకరు చేసిన తప్పు కూడా తమ నెత్తిన వేసుకునేవారని, ఈయన ఇప్పుడు చేస్తున్నది అదేనని, ఈ మాట నమ్మవద్దని చెప్పారు. నా వైపు తిరిగి, తెలుగులోకి మారి, గొంతు తగ్గించారు.

"తమరు ఊరుకోండి బాబుగారూ. మీ వంశంలో గుణం అది. వాడి తప్పుకి మీరెందుకు మాట పడాలి?"

మేనేజరమ్మ నా వైపు ఇంతకుముందెన్నడూ చూడనట్టు చూసింది. ఈ దేశంలో నేను గడిపిన అయిదేళ్లలో అంత గౌరవం ఎవరి కళ్లలోనూ చూడలేదు. చెప్పవలసింది చెప్పేశాను. నమ్మకపోతే తప్పు నాది కాదు. నేనిక ఏమీ చేయకుండా నిలబడి ఉంటే చాలు. నా నిజాయితీ నాకు ఉంటుంది, పరువూ ఉంటుంది. పోయేది మెకానిక్ ఉద్యోగం ఒక్కటే. పిల్లలూ, ఆ కాసేపు నేను నిలబడే ఉన్నాను. ఎంతసేపో చెప్పలేను. మెకానిక్‌కి తెలుగు రాదు గానీ జరుగుతున్నదేమిటో అర్థమైనట్టే ఉంది. నా వైపు చూడటం మానేసి తలుపు వైపు చూడటం మొదలుపెట్టాడు. అతను ఒక్క మాట అని ఉంటే నాకు కోపం వచ్చేది, ఆ కోపం ఆసరాతో ఊరుకుండేవాణ్ని.

జేబులోంచి కార్డు తీసి డాక్టరు గారి చేతిలో పెట్టాను. "ఇది నా చేతిరాత. చదవండి" అన్నాను.

ఆయన కళ్లద్దాలు పైకి జరుపుకుని చదివారు. నలభై ఏళ్లు రోగుల చార్టులు చదివిన మనిషి. ఆయనకు వివరించక్కరలేదు.

"నాలుగు నెలలకీ ఒకే రీడింగా?"

"మొదటిది చూసి రాశాను. మిగతా మూడూ చూడకుండా రాశాను."

"చూడకుండా."

"అవునండి."

"మా వార్డులో పేషెంట్ టెంపరేచర్ నాలుగు రోజులు ఒక్క పాయింటు మారకుండా రాసి ఉంటే, ఆ పేషెంట్‌ని ఎవరూ చూడలేదని అర్థం." కార్డు తిప్పి చూశారు. వెనక ఏమీ లేదు. "నా బండే ఎందుకండీ? మిగతావాటికి పెట్టారు కదా?"

దీనికి జవాబు చెప్పడం ఛార్జ్ పెట్టలేదని చెప్పడం కంటే కష్టమైంది. "మీ బండి ముందు మోకాళ్లు వంచలేకపోయాను" అన్నాను.

ఆయన కార్డు మేనేజరమ్మకు అందించారు. నా మాట నిజమేనని ఇంగ్లీషులో, పొడిగా, ఒక్క వాక్యంలో చెప్పారు. తరువాత తనలో తాను అనుకున్నట్టు, "నేనూ చెప్పలేదు. కేబుల్ తీసెయ్యమని ఇంకెవరికైనా అయితే కాగితం మీద రాసిచ్చేవాణ్ని" అన్నారు. బయట కారులోంచి ఆవిడ మాట తడబడుతూ పిలిచింది. "ఏవండీ, బండి వస్తోందా?" ఆయన వెళ్లి అద్దం దగ్గర వంగి ఏదో చెప్పారు. ఆవిడ తల అటు తిప్పుకుంది. కారు వెళ్లిపోయింది.

బ్యాటరీలు రావడానికి తొమ్మిది రోజులు పట్టింది. ఆ ఏడు వసంతంలో మొదటి ఎండలన్నీ ఆ తొమ్మిది రోజుల్లోనే కాశాయి. క్లబ్బు బండి ఒకటి ఇస్తామన్నారు గానీ ఆవిడ ఎడమచేతికి తగ్గట్టు మార్చిన స్టీరింగు దానికి లేదు. మొదటి సాయంత్రం అటుగా కారులో వెళ్తుంటే వాళ్లింటి కిటికీ దగ్గర ఆవిడ కుర్చీ కనిపించింది. మిగతా ఎనిమిది రోజులూ నేను వేరే దారిన ఇంటికి వెళ్లాను.

మెకానిక్ ఉద్యోగం నిలబడింది. నాకు రాతపని పోయింది. కార్డులూ షీట్లూ ఇంకొకరికి అప్పగించి, బండ్లు కడగడం, ఛార్జ్ పెట్టడం మాత్రం ఉంచారు. ఆ పనికి మనుషులు దొరకరు కాబట్టి ఉంచారు, నా నిజాయితీ చూసి కాదు. మెకానిక్ థాంక్స్ చెప్పలేదు. కింగ్ అని పిలవడం మానేశాడు. మామూలుగా పేరు పెట్టి పిలిచేవాడు, దాన్ని కూడా సగం మింగేసేవాడు. అరవై అయిదు నిండిన నెల పెట్టె సర్దుకుని, నా భుజం మీద ఒక దెబ్బ వేసి వెళ్లిపోయాడు.

డాక్టరు గారు ఆ ఏడు అక్టోబరులో మళ్లీ బండి తెచ్చారు. క్లబ్బు మార్చారేమో, వేరే చోటికి వెళ్లారేమో అనుకుంటూ ఉన్నాను. నేరుగా నా దగ్గరికే వచ్చి ఆపారు. చేతులు జోడించలేదు.

"సీటు ఎత్తండి" అన్నారు.

ఎత్తాను.

"మెయిన్ నెగెటివ్ కేబుల్ విప్పండి. విప్పి నాకు చూపించండి."

మోకాళ్ల మీద కూర్చుని, రెంచీతో నట్టు వదులు చేసి, కేబుల్ విప్పి పైకెత్తి చూపించాను. ఆయన వంగి, అది ఎక్కడా తగలకుండా ఉందో లేదో వేలితో తోసి చూశారు.

"నెలకోసారి తగిలించి ఛార్జ్ పెట్టాలి. అయ్యాక మళ్లీ విప్పేయాలి. ఫస్ట్ తారీఖున. మర్చిపోవద్దు."

"సరేనండి, డాక్టరు గారూ" అన్నాను.

తాళం చెవి బండి సీటు మీద పెట్టి ఆయన వెళ్లిపోయారు. లేవబోతే మోకాలు సహకరించలేదు. బండి అంచు పట్టుకుని లేచి, దాన్ని ప్లగ్గు ఉన్న వరసలోకి తోశాను.